మావాడు గేటు దాటకుండా

మా ఇల్లు వన్‌టౌన్‌లో కొండవాలు మీద ఉంటుంది. వీధిలోంచి మెట్లెక్కి వస్తే మా గేటు. లోపల చిన్న వాకిలి, ఒక జామచెట్టు, నీళ్ళ డ్రమ్ము, బట్టలారేసుకునే తీగ. వెనకవైపు పిట్టగోడ దగ్గర నిలబడితే కిందింటివాళ్ళ డాబా కాస్త దిగువలోనే కనిపిస్తుంది. కొండ మీద ఇళ్ళంటే అంతే, ఒకరి పెరడు ఇంకొకరి డాబాకి సమానంగా ఉంటుంది. ఆ డాబా మీదుగా చూస్తే ఓడలు వచ్చే కాలువ, దాని అవతల యారాడ కొండ.

ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆయన, మా నాన్న. మా ఆయన స్టీల్ ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేస్తాడు. నేను ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. నాన్న పోర్టులో టగ్గు మీద సరంగుగా చేసి రిటైరయ్యాడు. పెద్ద పెద్ద ఓడల్ని తాళ్ళు కట్టి లాగి, ముక్కుతో నెట్టి రేవులో పెట్టే చిన్న పడవని టగ్గంటారు. దాన్ని నడిపేవాడు సరంగు. అమ్మ పోయాక నాన్న మా దగ్గరికి వచ్చేశాడు. వచ్చేశాడంటే ఎక్కడినుంచో కాదు, పైవీధిలోంచి మా వీధిలోకి దిగాడు, అంతే.

రిటైరయ్యాక నాన్నకి మిగిలిన పని ఒక్కటే. ఇంకా చీకటుండగానే లేచి, మొహం కడుక్కుని, ఫిషింగ్ హార్బర్‌కి నడిచి వెళ్ళేవాడు. బోట్లు వచ్చేవేళకి అక్కడుండాలి. చేపల వేలం చూడాలి, పాత స్నేహితులతో టీ తాగాలి, మేం ప్రార్థన మందిరానికి వెళ్ళే ఆదివారం తప్ప రోజూ ఏదో ఒక చేప సంచిలో వేసుకుని రావాలి. ఒకరోజు ఆ సంచిలో చేప లేదు. కుక్కపిల్ల ఉంది.

"ఏంటి నాన్నా ఇది?" అన్నాను.

"కుక్క. ఏటి, కనపడతల్లేదా?"

"కనపడుతోంది. ఎందుకు తెచ్చావు?"

"వలల కుప్ప కింద తొంగున్నాడు. తల్లి నేదు. ఐసు లారీ ఎనక్కొస్తంది. నాను తియ్యకపోతే ఏటవుద్దో నువ్వే సెప్పు."

పక్కకి జరిగాను. సంచిలోంచి వాడు దిగి, వణుక్కుంటూ మా వాకిలంతా వాసన చూసి, నా పాదం మీద తల పెట్టి పడుకున్నాడు. బెల్లం రంగు, తోక చివర తెల్లటి కుచ్చు. ఒళ్ళంతా చేపల కంపు. సబ్బు పెట్టి ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోవడానికి చాలా రోజులు పట్టింది.

కుక్కని ఇంట్లోకి రానిచ్చేది లేదని మా ఆయన మొదటి వారమే తీర్మానం చేశాడు. వర్షాకాలం వచ్చేసరికి వాడు మా ఆయన మంచం కిందే పడుకునేవాడు. సెకండ్ షిఫ్టు దిగి వచ్చి, బూట్లు విప్పుకుంటూ, ముందు వాడితోనే మాట్లాడేవాడు ఆయన. పేరు ఒకటి పెట్టాం గాని వాడు ఆ పేరుకి ఎప్పుడూ పలకలేదు. "ఒరే" అంటే పలికేవాడు. కాబట్టి మాలో మేం వాడి గురించి చెప్పుకోవాలంటే "మావాడు" అనేవాళ్ళం.

మావాడికి ఇంకా ఏడాది నిండకముందే నాన్న హార్బర్‌లో జారిపడ్డాడు. తెల్లారకట్ట జెట్టీ మీద చేపల నీళ్ళూ ఐసు ముక్కలూ కలిసి నేల నున్నగా ఉంటుంది. మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా నేను ఒప్పుకోలేదు. ఇక హార్బర్ వద్దు నాన్నా, చేపలు ఇంటి ముందుకే వస్తున్నాయి కదా అన్నాను. నాన్న వాదించలేదు. "సరే తల్లీ" అన్నాడు. నాన్న అంత తొందరగా ఏ మాటా ఒప్పుకున్నట్టు నాకు గుర్తు లేదు. అప్పుడే అనుమానించాల్సింది.

ఆ తర్వాతే మావాడు ఇల్లు దాటడం మొదలుపెట్టాడు.

మొదట గేటు కిందనుంచి. ఇనుప గేటుకి, మెట్టుకి మధ్య జానెడు సందు ఉండేది. ఆ సందులోంచి పొట్ట నేలకి రాసుకుంటూ దూరి, వీధిలోకి వెళ్ళి, ఎండెక్కేసరికి తిరిగొచ్చేవాడు. మా ఆయన ఆ సందుకి అడ్డంగా ఒక చెక్క బిగించాడు. మావాడు రెండు రోజులు ఆ చెక్క ముందు కూర్చుని ఆలోచించాడు. మూడో రోజు వెనకవైపు పిట్టగోడెక్కి కిందింటి డాబా మీదికి దూకాడు.

కిందింటివాళ్ళది గోదావరి జిల్లా. ఆయన పోర్టులో ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆవిడ మాట మహా మెత్తగా ఉంటుంది, కోపం వచ్చినప్పుడు ఇంకా మెత్తబడుతుంది. ఆ రోజు గోడ కిందనుంచి పిలిచింది.

"ఏవండీ, ఓసారిలా వస్తారా అండి? మీ అబ్బాయిగారు మా వడియాల మీద నడిచారండి."

వెళ్ళి చూస్తే పాతచీర మీద పెట్టిన గుమ్మడి వడియాల మధ్యలోంచి వరసగా పాదముద్రలు. డాబా చివర్నుంచి మెట్లదాకా, మెట్ల మీదుగా వాళ్ళ గేటుదాకా.

"తినలేదండి, ఆ మాట చెప్పాలి," అంది ఆవిడ. "ఏదో అర్జెంటు పనున్నట్టు నడిచెళ్ళిపోయాడండి."

నేను క్షమాపణ చెప్పుకున్నాను. మా ఆయన ఆదివారం సాయంత్రం కూర్చుని పిట్టగోడ మీద ఆకుపచ్చ వల కట్టాడు. మావాడు దాన్ని పళ్ళతో చింపాడు. మా ఆయన తడిక పెట్టాడు, మావాడు దాన్ని తోశాడు. మా ఆయన ఇనుప జాలీ తెచ్చి మేకులు కొట్టాడు. ఆ సాయంత్రమే నేను గేటు తీసి లోపలికి వస్తుంటే మావాడు నా కాళ్ళ పక్కనుంచి దూరిపోయాడు. వెనక పరిగెత్తాను. నేను పరిగెడుతున్నకొద్దీ వాడికి అదొక ఆటయింది. ఆగి చూస్తాడు, దగ్గరికి రానిస్తాడు, మళ్ళీ పరుగు. వీధిలో వాళ్ళంతా అరుగుల మీదికి వచ్చి చూశారు. నా స్టూడెంట్ ఒకమ్మాయి వాళ్ళ మేడమీదనుంచి "గుడీవినింగ్ మేడమ్" అంది.

గొలుసు వేశాం. ఒక్కరోజు ఉంది గొలుసు. వాడు అరవలేదు, ఏడవలేదు. జామచెట్టు మొదట్లో మా వైపు వీపు పెట్టుకుని కూర్చున్నాడు, అన్నం ముట్టలేదు. మా ఆయన డ్యూటీకి వెళ్తూ వెళ్తూ తనే విప్పేశాడు.

అప్పుడు నాన్న రంగంలోకి దిగాడు.

"నాకొగ్గీండి," అన్నాడు. "ఎన్ని ఓడల్ని కట్టినాను. దీన్ని కట్టలేనేటి?"

జామచెట్టు నుంచి గేటు స్తంభం దాకా తల పైఎత్తులో ఒక తీగ లాగాడు. తీగకి ఒక కప్పీ, కప్పీకి తాడు, తాడు చివర మావాడి మెడ పట్టీ. వాడు వాకిలంతా ఆ చివర్నుంచి ఈ చివరికి తిరగొచ్చు, కప్పీ తీగ మీద వాడితోపాటే దొర్లుతూ వస్తుంది. గేటుకి ఇవతలే తీగకి ముడి వేశాడు కాబట్టి గేటు మాత్రం అందదు. పెరటి గోడ అందదు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందంటే కిందింటావిడ కూడా గేటు దగ్గరికొచ్చి చూసి, "మీ నాన్నగారి బుర్రే బుర్రండి," అంది.

నాలుగు రోజులు పనిచేసింది. అయిదో రోజు పొద్దున్న నేను లేచేసరికి వాడు లేడు, నాన్న లేడు. కాసేపటికి ఇద్దరూ వచ్చారు.

"మళ్ళీ తప్పించుకున్నాడా?" అన్నాను.

"మరేటి. ఎలగ విప్పుకున్నాడో గాని. ఎతకడానికి ఎల్లాల్సొచ్చింది."

ఆ తర్వాత రెండు మూడు రోజులకోసారి ఇదే కథ. కుక్క తప్పించుకుంటుంది, నాన్న వెతకడానికి వెళ్తాడు, ఇద్దరూ కలిసి వస్తారు. పాపం పెద్దాయన్ని తెల్లారకుండానే వీధులు పట్టి తిప్పుతున్నాడని నేను వాడినే తిట్టేదాన్ని. నాన్న నెమ్మదిగా, "పోన్లే తల్లీ, దానికేటి తెల్సు," అని వాడి పక్షమే మాట్లాడేవాడు.

ఒకరోజు పొద్దున్న అలాగే ఇద్దరూ లేరు. నేను వాకిలి ఊడుస్తూ తాడు వైపు చూశాను. తాడు తెగలేదు. కొరికిన గుర్తు లేదు. గుండ్రంగా, చుట్ట మీద చుట్ట, కొస లోపలికి దోపి, జామచెట్టు మేకుకి తగిలించి ఉంది.

చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. నాన్న ఏ తాడు విప్పినా నేల మీద వదలడు. పార్శిల్‌కి కట్టిన పురికొస అయినా సరే, చుట్టి మేకుకి తగిలించాల్సిందే. కుక్క ఎంత తెలివైనదైనా తాడు చుట్టి పెట్టి వెళ్ళదు.

మా ఆయన నైట్ షిఫ్టు నుంచి అప్పుడే వచ్చాడు. తాడు చూపించాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయాడు.

చెప్పులేసుకుని ఆటో ఎక్కాను. హార్బర్ అప్పటికే హడావిడిగా ఉంది. ఐసు ఆడే మిషన్ల మోత, బుట్టలు మోసుకెళ్ళే ఆడవాళ్ళు, వేలం పాట అరుపులు. వలలు బాగుచేసుకునే చోట నలుగురు పెద్దవాళ్ళు తిరగేసిన ప్లాస్టిక్ పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో నాన్న. నోట్లో చుట్ట. పక్కన మావాడు, ముందు కాళ్ళ మధ్య ఒక చేప తలకాయ పెట్టుకుని.

ముందు నన్ను చూసింది మావాడే. తలకాయ వదిలేసి పరిగెత్తుకొచ్చి నా చీర కుచ్చిళ్ళ మీద రెండు కాళ్ళూ పెట్టాడు. వాడెక్కడికి పోయాడా అని తల తిప్పిన నాన్న నన్ను చూశాడు. చుట్ట మెల్లగా వెనక్కి పెట్టాడు.

"ఏటమ్మా ఇలగొచ్చినావ్?" అన్నాడు.

"కుక్క తప్పించుకుంది నాన్నా. వెతకడానికి వచ్చాను."

పక్కన కూర్చున్న ఆయన, బోటు డ్రైవరు, నాన్నకి పాత స్నేహితుడు, పకపకా నవ్వాడు. "ఐపోయింది బావా నీ పని," అన్నాడు.

నాన్న కూడా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. సముద్రం వైపు చూస్తూ, "ఇంట్లో కూకుంటే కాళ్ళు పట్టీసినట్టుంటాయి తల్లీ," అన్నాడు. "నువ్వు తిడతావని కాదు. నువ్వు బయపడతావని సెప్పనేదు."

నేను ఒక పెట్టె లాక్కుని కూర్చున్నాను. ఎవరో నాకూ టీ తెచ్చిచ్చారు. నేను పెరిగింది ఈ ఊళ్ళోనే అయినా, అంత పొద్దున్న ఆ జెట్టీ మీద కూర్చోవడం అదే మొదటిసారి. ఎండ పడుతుంటే బోట్ల రంగులు ఒక్కొక్కటీ తేలుతున్నాయి. మావాడు ప్రతి బోటు దగ్గరికీ వెళ్ళి పలకరించి వస్తున్నాడు. బోట్ల మీద పనిచేసే కళాసీలు వాడిని ఎప్పట్నుంచో ఎరిగినట్టు మాట్లాడుతున్నారు. అక్కడ వాడు తప్పిపోయిన కుక్కలా లేడు.

ఇంటికొచ్చేదారిలోనే ఒప్పందం కుదిరింది. నాన్న హార్బర్‌కి వెళ్ళొచ్చు. తెల్లారాకే వెళ్ళాలి, జారని చెప్పులు వేసుకోవాలి, మావాడికి తాడు కట్టి చేత్తో పట్టుకుని వెళ్ళాలి. చుట్ట సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

ఆ వారమే మావాడిని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆపరేషన్ చేయిస్తే ఆడకుక్కల వెంట తిరగడం తగ్గుతుందని ఆయన చెప్పాడు, చేయించాం. గోడలూ జాలీల సంగతి చెప్తే, "గోడ కడితే దాటడమెలాగా అని చూస్తాడమ్మా," అన్నాడు. "రెండుపూట్లా బాగా తిప్పండి. అలిసిపోతే ఇంట్లో ఉంటాడు. పారిపోయినప్పుడు వెంటపడకండి, తిరిగొచ్చినప్పుడు కొట్టకండి. గేటు దగ్గర ఆగడం నేర్పండి."

నేర్పడం నా వంతయింది. సాయంత్రం క్లాసుల నుంచి రాగానే వాడిని తాడుతో పట్టుకుని మా స్థలం అంచుల వెంబడి నడిపించేదాన్ని. పిట్టగోడ దగ్గర ఆగి "వద్దు" అనాలి, వెనక్కి వస్తే బిస్కెట్టు ముక్క పెట్టాలి. గేటు తీసి "ఆగు" అనాలి, ఆగితే ముక్క. మొదట్లో గేటు తీసేలోపే వాడి ముక్కు బయట ఉండేది. ఐఐటీ ఎంట్రన్స్‌కి పిల్లల్ని తయారుచేసే నేను ఒక్క "ఆగు" చెప్పలేక చేతులెత్తేసిన సాయంత్రాలున్నాయి. కానీ నెల తిరిగేసరికి గేటు బార్లా తీసి ఉన్నా, నేను "పద" అనేదాకా గుమ్మంలో కూర్చుని తోక నేలకి కొట్టడం నేర్చుకున్నాడు. పొద్దున్న నాన్న, సాయంత్రం నేను తిప్పేవాళ్ళం. తీగ, కప్పీ మా బట్టలారేసుకోవడానికి పనికొచ్చాయి.

అలా ఒక ఏడాది హాయిగా గడిచింది. ఆ తర్వాత నాన్నకి కంటి ఆపరేషన్ అయింది. నల్లకళ్ళద్దాలు, రోజుకి ఇన్నిసార్లని చుక్కలు, వంగకూడదు, దుమ్ములోకి వెళ్ళకూడదు. నాన్న మంచం మీద, మావాడు మంచం కింద. నాకేమో పరీక్షల కాలం, ఎక్స్‌ట్రా క్లాసులు. మా ఆయన షిఫ్టుల మధ్య ఒకపూట తిప్పేవాడు, ఒకపూట కుదిరేది కాదు. పొద్దున్న పూట వాడు నాన్న చెప్పులు వాసన చూసి, నాన్న మొహంలోకి చూసి, గేటు దగ్గరికెళ్ళి కూర్చునేవాడు. నాన్న "ఇయ్యాల కాదురా" అంటే తిరిగొచ్చేవాడు. రోజూ అదే మాట విని విని, ఒకరోజు తిరిగి రాలేదు. జాలీ వదులైన మూలనుంచి కిందింటి డాబా మీదికి దిగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి వస్తాడనుకున్నాం. సాయంత్రానికి రాలేదు. మా ఆయన స్కూటర్ మీద హార్బరంతా తిరిగొచ్చాడు. నేను ఫోన్‌లో ఫొటో పట్టుకుని వీధివీధికీ వెళ్ళి అడిగాను. మర్నాడు కోచింగ్ సెంటర్‌కి సెలవు పెట్టాను. కిందింటావిడ గొడుగేసుకుని నాతో వచ్చింది. దారిలో ప్రతి కొట్టు దగ్గరా ఆగి, "బెల్లంరంగు అబ్బాయండి, తోక చివర తెలుపండి," అని అడిగింది. ఎండకి మొహం కందిపోయినా వెళ్ళనంది.

"మా డాబా మీదుగానే వెళ్ళాడండి," అంది చివరికి, ఒక అరుగు మీద కూర్చుని. "నేను చూశానండి. పోన్లే, ఎప్పట్లాగే వస్తాడు కదా అని పిలవలేదండి." ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరం అక్కడే సోడా తాగి లేచాం.

ఇంట్లో నాన్న మంచం మీదే ఉండేవాడు. గేటు చప్పుడైతే తల తిప్పేవాడు, అడుగుల శబ్దం మాదే అని తెలియగానే మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. కళ్ళద్దాల వెనక ఏముందో కనిపించేది కాదు. రాత్రి భోజనాల ముందు ప్రార్థన నాన్నే చేస్తాడు మా ఇంట్లో. ఆ రాత్రి రోజూ చెప్పే మాటలు చెప్పి, ఆగి, "తప్పిపోయినోడిని నువ్వే ఇంటికి తోలుకురా ప్రభువా," అన్నాడు. మా ఆయన నావైపు చూశాడు. ఇద్దరం ఆమెన్ అన్నాం.

మూడో రోజు ఆ బోటు డ్రైవరు మోపెడ్ మీద వచ్చాడు, హార్బర్‌లో నాన్నని "బావా" అంటూ నవ్విన ఆయన. మెట్లెక్కిన ఆయాసంతోనే చెప్పాడు.

"బావా, మీవోడు దొరికినాడు. సముద్రంలో ఉన్నాడు."

నాన్న లేచి కూర్చున్నాడు. "ఏటంతన్నావ్?"

"మా తమ్ముడి బోటెక్కీసినాడు. ఐసు నింపతన్నప్పుడు ఎక్కి, కేబిన్ ఎనక వలల మీద తొంగున్నాడంట. నీకోసం ఎతుక్కుంటా ఎక్కినాడో ఏటో. బోటు బార్ దాటి, రేవు మొగ ఒదిలి చాలా దూరం పోయాక లేచినాడు. వైర్‌లెస్‌లో సెప్పినారు. డీజిలూ ఐసూ నింపుకున్నాక కుక్కకోసం ఎనక్కి తిప్పలేరు కదా. వేట ఐనాకే వస్తారు."

ఎప్పుడొస్తారంటే, చేపలు పడేదాన్ని బట్టి అన్నాడు. మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బతికే ఉన్నాడు, అది చాలు. కిందింటావిడకి గోడ మీదనుంచి చెప్తే, "సముద్రంలోనా అండి? మరి వాడికి అన్నం ఎవరు పెడతారండి?" అంది.

"చేపలు పెడతారు లెండి," అన్నాను.

"అయితే ఇక మా ఇంటి పప్పన్నం ముట్టుకోడండి," అంది. వాడు మా కళ్ళుగప్పి ఆవిడ దగ్గర పప్పన్నం తింటున్నాడన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఊపిరి పీల్చుకున్నాం అనుకుంటుండగా అల్పపీడనం వచ్చింది. టీవీలో మత్స్యకారులు వేటకి వెళ్ళొద్దని, వెళ్ళినవాళ్ళు తిరిగి రమ్మని చెప్పడం మొదలుపెట్టారు. గాలి మారింది. నాన్న మా డాబా మెట్ల మీద కూర్చుని, నల్లద్దాల్లోంచే ఆకాశం చూసేవాడు. "తూర్పుగాలి తిరిగింది," అనేవాడు. "ఇప్పుడు బయల్దేరితే మంచిది." ఒక్కోసారి నాతో కాకుండా ఆ బోటుతోనే మాట్లాడుతున్నట్టుండేది.

బోట్లు తిరిగొస్తున్నాయని కబురు రాగానే నాన్న చొక్కా వేసుకున్నాడు. ఈసారి నేను వద్దనలేదు. కంటి చుక్కలు వేసి, అద్దాలు సరిచేసి, చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను. మా ఆయన ప్లాంటు నుంచి నేరుగా వచ్చి జెట్టీ దగ్గర కలిశాడు.

ఆకాశం మబ్బుగా ఉంది. బోట్లు వరసకట్టి లోపలికి వస్తున్నాయి. నాన్నకి ఆ చూపుతో ఏ బోటు ఏదో తెలియడం లేదు. "పసుపూ నీలం రంగుది. వచ్చిందా?" అని అడుగుతూనే ఉన్నాడు. చాలాసేపటికి వచ్చింది. ముక్కు మీద, తాళ్ళ కట్ట పక్కన, గాలికి చెవులు వెనక్కి పడి, మావాడు నిలబడి ఉన్నాడు.

బోటు దగ్గరికొస్తుంటే వాడు నన్ను చూసి తోక ఊపాడు. మా ఆయన్ని చూసి ఊపాడు. పక్కన నల్లద్దాల మనిషిని చూసి మొరగడం మొదలుపెట్టాడు. ఇంట్లో రోజూ ఆ అద్దాలతోనే చూశాడు కదా, మంచం మీదున్న నాన్నా జెట్టీ మీదున్న నాన్నా వాడికి వేరువేరయ్యారో, మరి సముద్రం మీద అన్నీ మర్చిపోయాడో. నాన్న అద్దాలు తీసేశాడు. తీయకూడదు. నేను చెయ్యి చాచాను గాని ఆపలేదు.

"ఒరే," అన్నాడు నాన్న.

బోటుకీ జెట్టీకీ మధ్య ఇంకా రెండు బారల నీళ్ళున్నాయి. వాడు దూకబోయాడు. వెనకున్న కళాసీ మెడ పట్టీ దొరకబుచ్చుకుని ఆపాడు. బోటు ఆనుకోగానే వదిలాడు. మావాడు నేరుగా వచ్చి నాన్న మోకాళ్ళ మధ్య తల దూర్చి, అక్కడే నిలబడిపోయాడు. అరుపు లేదు, గంతులు లేవు. నాన్న వంగకూడదు కాబట్టి వంగలేదు. పెట్టె మీద కూర్చుని వాడి చెవులు పట్టుకుని, "ఏటిరా, నన్నొగ్గీసి సరంగువైపోదామనుకున్నావేటి," అంటూనే ఉన్నాడు.

కళాసీలు వాడి కబుర్లు చెప్పారు. మొదటి రోజంతా కక్కుకున్నాడట. రెండో రోజు లేచి గంజి తాగాడట. వల పైకి లాగినప్పుడల్లా అందరికంటే ముందు వచ్చి నిలబడేవాడట. ఒక పీత ముక్కు పట్టుకుంటే బోటంతా వినపడేలా ఏడ్చాడట, ఆ తర్వాత పీతల బుట్ట ఛాయలకి కూడా వెళ్ళలేదట. ముక్కు మీద నిజంగానే ఎర్రటి గీత ఉంది. ఒళ్ళంతా ఉప్పు పట్టి వెంట్రుకలు బిరుసెక్కాయి. ఇంటికి నడిచి వస్తుంటే నేల మీద కాళ్ళు కుదరక పక్కలకి ఒరిగాడు. మేం మెట్లెక్కుతుంటే కిందింటివాళ్ళ గేటు తీసి ఉంది. ఆవిడ వచ్చి వాడి నెత్తి మీద చెయ్యి వేసి చూసింది, వెంటనే చెయ్యి వాసన చూసుకుంది. "ముందు స్నానం చేయించండి," అంది.

నాన్న కంటికి ఏమీ కాలేదు. డాక్టరు మాత్రం బాగా కోప్పడ్డాడు.

వాన వెలిశాక మా ఆయన పిట్టగోడ పని మొత్తం మళ్ళీ చేయించాడు. ఇనుప కమ్మీలు, గట్టి జాలీ. పని జరుగుతుంటే కిందింటావిడ గోడ దగ్గరికొచ్చి కాసేపు చూసింది.

"పూర్తిగా మూసేస్తారా అండి?" అంది.

"మీకు ఇబ్బంది లేకుండా," అన్నాను.

"ఇబ్బందేముందండి. ఓ చిన్న తలుపు పెట్టించండి. గొళ్ళెం మీవైపే ఉంచండి. మధ్యాహ్నం మా ఆయన డ్యూటీకెళ్ళాక నేనొక్కదాన్నే కదా అండి, పిలిస్తే పంపుదురుగాని."

అలా మా పెరటి జాలీకి ఒక బుల్లి తలుపు వచ్చింది. మధ్యాహ్నం అన్నం వేళకి ఆవిడ గిన్నె మీద గరిటెతో కొడుతుంది. మేం గొళ్ళెం తీస్తాం. వాడు దిగి వెళ్ళి, తిని, వాళ్ళ ట్యాంకు నీడలో ఓ కునుకు తీసి, వచ్చి తలుపు గీరుతాడు. పట్టీకి నా ఫోన్ నంబరు చెక్కిన బిళ్ళ వేశాం. ఆదివారం తప్ప రోజూ పొద్దున్న నాన్నతో హార్బర్‌కి వెళ్తాడు. సెలవు రోజుల్లో నేనూ వెళ్తాను.

ఈమధ్య ఒకరోజు గ్యాస్ సిలిండర్ తెచ్చినతను వెళ్తూ గేటు తీసి వదిలేశాడు. వంటింట్లో ఉన్న నేను కాసేపటికి గాని చూసుకోలేదు. పరిగెత్తుకుంటూ బయటికి వచ్చాను. మావాడు గేటు అవతల మొదటి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. వీధిలో ఒక మేక వెళ్తోంది, స్కూలు ఆటో వెళ్తోంది, దాని వెనక రెండు కుక్కలు వెళ్తున్నాయి. వాడు వాటన్నిటినీ చూస్తున్నాడు. నా అడుగుల చప్పుడు విని తల తిప్పి నావైపు చూశాడు, మళ్ళీ వీధి వైపు, మళ్ళీ నావైపు. ఇంకా ఎంతసేపు అన్నట్టుంది ఆ చూపు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. లోపలికి వెళ్ళి పొయ్యి ఆపి, చెప్పులేసుకుని వచ్చాను.

"పద," అన్నాను.